స్తంభాన్ని చూసి బిగించిన స్కోపు

మా పెదనాన్న గురి గొప్పదని మా వైపు ఇప్పటికీ చెప్పుకుంటారు. చెప్పుకోనివ్వండి, నోళ్ళు వాళ్ళవి. తుపాకీ పేలిన తరువాత చిల్లకంపలోకి దూరింది మాత్రం ఆయన కాదు, మా నాన్న. కొట్టిన పంది చచ్చి పడి ఉందా, బతికి కాచుకుని ఉందా అని తెలుసుకోవడానికి మా ఇంట్లో ఉన్న ఒకే ఒక్క దారి మా నాన్నను పంపి చూడడం. నేను చెప్పబోయేది ఆ సంగతి.

మా ఊరు మార్టూరుకు పడమర. చుట్టూ నల్లరేగడి చేలు. మిరప, పత్తి, చలికాలంలో శనగ. పొలాల చివర వాగు, వాగు పొడుగునా మనిషి చొరబడలేని ముళ్ళ పొద, చిల్లకంప. అందులో అడవిపందులు కాపురం పెట్టాయి. తెల్లవారుఝామున శనగచేలో పడ్డాయంటే చేను దున్ని పోయినట్టే. మిరప బోదెలకు నీళ్ళు పెట్టిన మర్నాడు ఆ బురదలో పొర్లి, కాపు మీదున్న చెట్లను విరగదొక్కి పోయేవి. పందిని కొట్టకూడదని చట్టం ఉందని మాకూ తెలుసు. ఎవరైనా వచ్చి అడిగితే చేను చూపిద్దామనుకున్నాం, ఎవరూ రాలేదు. పెదనాన్న దగ్గర పంట కాపలాకని లైసెన్సు తీసుకున్న పాత రైఫిలు ఒకటి ఉండేది.

మా ఇంట్లో వేటకి ఒక కట్టు ఉంది. కొట్టినవాడు లేవకూడదు. అన్న తుపాకీతో మోటారు షెడ్డు మీదే కూర్చుంటాడు, తమ్ముడు బల్లెం పట్టుకుని నెత్తురు జాడ వెంట పోతాడు. మా తాత, చిన్నతాత కూడా అట్లాగే చేశారట. పంది తిరగబడితే ఇంకో గుండు వెయ్యడానికి పైన ఒక మనిషి ఉండాలని మొదట్లో పెట్టుకున్న కట్టు అయి ఉంటుంది. కంపలోకి పోయినవాడు పైవాడికి కనపడడు, ఇంక రెండో గుండు ఎవరి మీద వేస్తాడు అని అడిగిన వాళ్ళు లేరు. మా తరానికి వచ్చేసరికి పెద్దవాడికి కూర్చునే హక్కు, చిన్నవాడికి పోయే ఖర్మ మిగిలాయి. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అంటారే, అది మా ఇంట్లో అన్నదమ్ములు పంచుకున్నారు.

రేగడిలో పందికి దగ్గరగా పోయి కొట్టడం కుదరదు. చాటు లేని నేల. తడిగా ఉంటే చెప్పుకు తట్టెడు మట్టి అంటుకుంటుంది, ఎండితే నెర్రెల్లో కాలు దిగబడుతుంది. మనిషి అలికిడి వింటే పంది ఆగదు. అందుకని షెడ్డు మీంచి వాగు ఒడ్డు దాకా అంత దూరం కొట్టాలి. ఆ దూరానికి ఉత్త కన్ను చాలదని, రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, పెదనాన్న ఒంగోలులో ఒక పొగాకు వ్యాపారి దగ్గర స్కోపు సంపాదించుకొచ్చాడు. ఊరు ఊరంతా వచ్చి అందులో కన్ను పెట్టి చూసింది. నన్ను మాత్రం ముట్టుకోనివ్వలేదు. ఆడపిల్ల తాకితే గురి పోద్దట. అప్పటికి నాకు ఇరవై దాటాయి. మిరపకోతల దగ్గర కూలీల మీద అజమాయిషీ అంతా నాదే. చేనుకి పనికొచ్చిన చెయ్యి తుపాకీకి పనికిరాలేదు.

స్కోపులో చూస్తే ఒక నిలువు గీత, ఒక అడ్డగీత కనిపిస్తాయి. ఆ గొట్టాన్ని తుపాకీ మీద రెండు కడియాల్లో పెట్టి మరలు బిగిస్తారు. బిగించక ముందు గొట్టం గుండ్రంగా తిరుగుతుంది. అందుకని నిలువు గీత నిజంగా నిలువుగా ఉందో లేదో చూసుకుని బిగించాలి. కొంచెం వంకరున్నా దగ్గర్లో కొడితే తేడా తెలియదు. దూరం పోయేకొద్దీ గుండు కిందికి జారుతుంది కాబట్టి, స్కోపు నెత్తిన ఉన్న మర తిప్పి గురిని పైకి లేపాలి. గీత వంకరగా ఉంటే గురి తిన్నగా పైకి లేవదు, పక్కకి పోతూ లేస్తుంది. ఎంత దూరం కొడితే అంత పక్కకి. భుజం కింద తగలాల్సిన గుండు కడుపులో తగులుతుంది. భుజం కింద తగిలితే పంది అక్కడే పడుతుంది. కడుపులో తగిలితే కంపలోకి పోయి, నొప్పితో, కోపంతో, వచ్చేవాడి కోసం చూస్తూ ఉంటుంది. వచ్చేవాడు మా నాన్న.

పెదనాన్న ఆ గీతను ఎలా నిలబెట్టాడో చెబుతాను. షెడ్డు మీద ఇసుక బస్తాల మధ్య తుపాకీని కదలకుండా నిలబెట్టాడు. చేను చివరనున్న కరెంటు స్తంభాన్ని స్కోపులో చూశాడు. నిలువు గీత స్తంభం మీద సరిగ్గా కూర్చునేదాకా గొట్టం తిప్పి, మరలు బిగించేశాడు. వినడానికి ఎంత తెలివిగా ఉందో చూడండి. ఇంకెక్కడైనా అయితే సరిపోయేది కూడా. కానీ రేగడి నేల వానకి ఉబ్బుతుంది, ఎండకి పగులుతుంది, దేన్నీ నిలబడనివ్వదు. మా ఇళ్ళ గోడలన్నీ బీటలే. వానాకాలంలో తలుపులు పట్టవు. పాతిన స్తంభం రెండు వానలు తిరిగేసరికి ఏదో ఒక పక్కకి ఒరుగుతుంది. పుట్టిన దగ్గర్నుంచీ ఆ ఒరిగినవాటినే చూస్తూ పెరిగాం కాబట్టి, మా కళ్ళకి అవే నిటారుగా ఉన్నట్టు కనిపిస్తాయి. ఆ రోజు షెడ్డు చుట్టూ అంతమంది ఉన్నారు, ఒక్కరికీ అనుమానం రాలేదు.

దగ్గర్లోని గట్టు మీద కొబ్బరిచిప్ప పెట్టి కొట్టాడు, ముక్కలైంది. ఇంకోటి పెట్టి కొట్టాడు, అదీ ముక్కలే. ఇంకేం, తుపాకీకి పసుపు కుంకుమ పెట్టారు.

ఆ చలికాలం మొదటగా కొట్టింది పిల్లల తల్లిని. వాగు ఒడ్డున, బాగా దూరాన. గుండు కడుపు చీల్చింది. అది పడలేదు. కంపలోకి దూరలేక దాని అంచు వెంటే, పేగులు చిల్లముళ్ళకి తగులుకుని సాగుతుంటే లాక్కుంటూ నడిచింది. పిల్లలు వెనకే పోయాయి. వాటికేం తెలుసు, తల్లి ఆగిన చోటల్లా పాలకి ఎగబడ్డాయి. మా నాన్న బల్లెం పట్టుకుని దాని చుట్టూ తిరుగుతున్నాడు. పిల్లలు కాళ్ళకి అడ్డం పడుతున్నాయి, పొడవబోతే తల్లి మీదికొస్తోంది. పెదనాన్న షెడ్డు మీంచి స్కోపులో చూస్తూ, ఇదుగో పొడిచాడు, అదుగో పరిగెత్తాడు, పంచె ఊడింది అని కింద ఉన్నవాళ్ళకి వినిపిస్తున్నాడు. వాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు. నేను శనగచేను గట్టున నిలబడి ఆ నవ్వు విన్నాను. ఎద్దు పుండు కాకికి నొప్పా? నాన్న పని ముగించేసరికి బాగా పొద్దెక్కింది. పిల్లల్ని కుక్కలు పట్టుకుపోయాయి.

ఆ తరువాత కొట్టినవన్నీ అంతే. దవడ ఎగిరిపోయింది ఒకదానికి, వెనక కాళ్ళు పడిపోయాయి ఇంకోదానికి. ప్రతిసారీ నాన్న లోపలికి పోయి, బతికున్న పందితో తేల్చుకుని, చీరుకుపోయిన ఒంటితో బయటికొచ్చేవాడు. ప్రతిసారీ పెదనాన్నకి ఒక కారణం దొరికేది. పంది కదిలింది. గాలి కొట్టింది. తూటాలు పాతవి. చివరికి అవన్నీ అయిపోయి, తమ్ముడు తొందరపడి పోయి పందిని రేపుతున్నాడు, కాసేపు ఆగితే అదే చచ్చేది అనడం మొదలుపెట్టాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు. మద్దెల మా నాన్న.

ఒక మధ్యాహ్నం పెదనాన్న తుపాకీకి నూనె పెట్టి, వసారాలో మంచం మీద రెండు దిండ్ల మధ్య నిలబెట్టి భోజనానికి లేచాడు. తూటాలు తీసేసే ఉన్నాయి. ఎవరూ లేరు కదా అని వంగి స్కోపులో కన్ను పెట్టాను. ఎదురుగా బావి. ఎవరో నీళ్ళు చేదుతూ మధ్యలో వదిలి పోయినట్టున్నారు, నిండు బకెట్టు గిలక నుంచి వేలాడుతోంది. చేంతాడు తిన్నగా కిందికి దిగి ఉంది. స్కోపులో నిలువు గీత ఆ తాడుకి అడ్డంగా, ఏటవాలుగా పోతోంది. తుపాకీ వాలిందేమోనని దిండ్లు సర్ది మళ్ళీ చూశాను. అంతే ఉంది. సాయంత్రం దారానికి రాయి కట్టి పొలం తీసుకుపోయి, ఆ కరెంటు స్తంభానికి ఎదురుగా పట్టుకుని చూశాను. స్తంభం వాగు వైపుకి ఒరిగిపోయి ఉంది. అంత స్పష్టంగా ఒరిగినదాన్ని ఇన్నేళ్ళూ ఎలా చూడలేదో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

మొదట నాన్నకే చెప్పాను. పెరట్లో బల్లెం నూరుకుంటున్నాడు. అంతా విన్నాడు. నమ్మాడు కూడా, ఆ సంగతి మొహంలో తెలిసింది. విని, మళ్ళీ నూరుకోవడంలో పడ్డాడు. అన్న బిగించినదానికి తమ్ముడు వంక పెడితే బాగుండదు, వదిలెయ్యి అన్నాడు. మర్నాడు షెడ్డు దగ్గర నలుగురూ ఉండగా నేనే వెళ్ళి, పెదనాన్నా, నువ్వు చూసి బిగించిన స్తంభం ఒరిగి ఉంది, స్కోపు వంకరగా కూర్చుంది అని చెప్పేశాను.

ఆయన నా వైపు చూసి, తాపీగా చుట్ట వెలిగించుకున్నాడు.

"స్తంభం ఒరగలేదే, నీ మెడ ఒరిగింది. పెళ్ళీ పెటాకులూ లేని పిల్లకి లోకమంతా వంకరగానే కనపడుద్ది. మీ అయ్యకి చెప్పు, ముందు నిన్ను నిలబెట్టమని."

అందరూ నవ్వారు. నేను నోరు తెరిచేలోపు మా నాన్న లేచొచ్చి, పెద్దాయనతో ఆ మాటలేందని నలుగురిలో నన్ను చెంప మీద కొట్టాడు. అప్పటిదాకా నా మీద చెయ్యి వేసి ఎరగడు. ఇంటికొచ్చాక నా చెయ్యి తీసుకుని తన నెత్తిన పెట్టుకున్నాడు.

"ఆ తుపాకీ జోలికి పోయావంటే నా మీద ఒట్టే. ఆయనకి పిల్లాజెల్లా లేరు. గురి ఒక్కటే ఉంది. అది కూడా లేదనిపించబాక."

కంపలోకి పోయేది నువ్వు కదా నాన్నా అని ఏడ్చాను. నాకు అలవాటేలే అన్నాడు.

సంక్రాంతి దాటాక, మంచు ఇంకా విడవకముందు, ఒంటి మగపంది ఒకటి శనగలో దిగింది. ఊళ్ళో అందరూ ఎరిగిన పంది అది, కోరలు బయటికి వంపు తిరిగి ఉండేవి. పెదనాన్న స్కోపు నెత్తి మర బాగా తిప్పి, గురి పైకి లేపి కొట్టాడు. పంది కూలబడి, లేచి, కంపలోకి పోయింది. నాన్న నెత్తురు చూశాడు. నల్లగా, పేడ కలిసి ఉంది. కడుపులో తగిలిందని దాని అర్థం, ఇన్ని పందుల తరువాత అది తెలియనివాడు కాదు. ఒక్కసారి షెడ్డు వైపు తిరిగి చూశాడు. పైనుంచి పెదనాన్న చెయ్యి ఊపాడు, పో అని. పోయాడు.

తరువాత జరిగింది మేం చూడలేదు, విన్నాం. పంది అరవలేదు, అరిచింది మా నాన్నే. మిరపచేలో కూలీలు బుట్టలు వదిలేసి పరిగెత్తారు. నేను వాళ్ళకంటే ముందే పోయాను, ముళ్ళు ఎక్కడ దిగాయో కూడా తెలియలేదు. పంది నాన్న తొడలో కోర దించి, తీసి, మళ్ళీ దించి, అక్కడే ఆయన కాళ్ళ మీద పడి చచ్చింది. దాని బరువు కింద నుంచి ఆయన్ని లాగడానికి నలుగురం కావలసొచ్చింది. మంచం మీద రోడ్డు దాకా మోసి, గుంటూరు తీసుకుపోయాం. పెదనాన్న షెడ్డు దిగి వచ్చి మొదట పందిని తిప్పి చూశాడు, గుండు ఎక్కడ తగిలిందో అని.

కాలు తియ్యలేదు. తియ్యలేదన్న మాటే గానీ మోకాలు మళ్ళీ మడత పడలేదు. పలకరించడానికి వచ్చిన వాళ్ళందరికీ పెదనాన్న ఒకటే చెప్పేవాడు. నేను సరిగ్గానే కొట్టా, అది చచ్చేదే, మావాడు తొందరపడ్డాడు. మంచం మీదున్న నాన్న తలూపేవాడు. అవును, నేనే తొందరపడ్డా అనేవాడు. అమ్మ వంటింట్లో గోడకి తల కొట్టుకునేది.

మరుసటి చలికాలానికి మళ్ళీ శనగ, మళ్ళీ పందులు. పెదనాన్న కబురు పంపాడు, నాన్న బదులు బల్లెం పట్టడానికి మా అన్న రావాలని. మా అన్న మార్టూరులో రాళ్ళు పాలిష్ పట్టే యూనిట్లో పనిచేసేవాడు, అంతకు ముందే పెళ్ళయింది, వదిన నీళ్ళోసుకుని ఉంది. వద్దని చెప్పమని అమ్మ నాన్న కాళ్ళు పట్టుకుంది. కట్టు కట్టే కదా, పోనీ అన్నాడు నాన్న. అన్న కూడా పోయి బల్లెం అందుకున్నాడు. ఈ ఇంటి మగాళ్ళని ఏ మట్టితో చేశారో.

ఇంక నేను ఆగలేదు. ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను. మంచాన పడ్డ మనిషిని ఆ ఒట్టు కొత్తగా చేసేదేముంది? పెదనాన్న పర్చూరులో పెళ్ళికి పోయిన రోజున తుపాకీ వసారాలోకి తెచ్చి, దిండ్ల మధ్య నిలబెట్టాను. బావిలో బకెట్టు నింపి గిలకకి వేలాడదీశాను. అది ఊగడం మానేదాకా ఆగాను. కడియాల మరలు వదులు చేసి, నిలువు గీత చేంతాడు మీద పడేదాకా గొట్టం వెంట్రుకవాసి చొప్పున తిప్పి, మళ్ళీ బిగించాను. పని సరిగ్గానే అయింది. మర్నాడు పెదనాన్న కొబ్బరిచిప్పను కొట్టి చూసుకున్నాడు. ఎక్కడో కొంచెం తేడా తగిలినట్టుంది, నెత్తి మర ఒక మెట్టు సర్దుకున్నాడు. అంతకంటే ఏమీ పసిగట్టలేదు.

నాలుగు రోజులు తిరక్కుండానే పంది దిగింది. వాగు అవతలి ఒడ్డున, ఎప్పుడూ కొట్టనంత దూరంలో. పెదనాన్న కొట్టాడు. పంది ఉన్నచోటనే కాళ్ళు బారజాపి పడిపోయింది, ఒక్కసారి తన్నుకోనైనా లేదు. అన్న బల్లెం పట్టుకుని నడిచాడు, చచ్చినదాన్ని కాలితో కదిపి చూశాడు, నవ్వుతూ తిరిగొచ్చాడు. నేను గట్టు మీద కూర్చుండిపోయాను. ఎంత సంతోషమో. ఆ సంతోషం ఎంతసేపు? ఊళ్ళోకి వచ్చేదాకా.

రచ్చ దగ్గర అప్పటికే తీర్పు అయిపోయింది. ముసలాయన గురి చూశారా, వాగు దాటించి కొట్టాడు. ఇన్నాళ్ళూ తప్పంతా తమ్ముడిదేనన్న మాట. కుర్రాడు పోయిన పద్ధతి చూడు, ఎంత నిదానం. నా ముందే అన్నారు. నేనేం చెప్పను? స్కోపు నేను తిప్పానంటే పెదనాన్న అన్నని ఆ కట్టు నుంచి తప్పించడు, పైగా మరలు విప్పి మళ్ళీ స్తంభాన్ని చూసే బిగిస్తాడు. నోరు మూసుకున్నాను. వంకర తీసింది నేను, ఆ తీసిన వంకరంతా మా నాన్న నెత్తిన వచ్చి పడింది.

సాయంత్రం పెదనాన్న మాంసం పట్టించుకుని మా ఇంటికొచ్చాడు. నాన్న మంచం పక్కన కుర్చీ వేసుకున్నాడు. కోపంగా లేడు, పైగా ప్రేమగా ఉన్నాడు, అదే నాకు భరించరాలేదు.

"చూశావా అబ్బాయ్. అదే తుపాకీ, అదే స్కోపు, అదే చెయ్యి. మరి తేడా ఎక్కడుందంటావ్?"

నాన్న ఆయన మొహంలోకి చూసి, నాలోనే ఉంది అన్నా అన్నాడు. పెదనాన్న ఆ బిగుసుకుపోయిన కాలు మీద రెండు సార్లు తట్టి, అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు.

దీపం పెట్టాక నాన్నకి అన్నం తీసుకుపోయాను. పళ్ళెం అందుకోకుండా నా వైపే చూశాడు. ఆయనకి తెలిసిపోయింది. వాగు దాటించి కొట్టిన గుండు భుజం కిందే దిగిందంటే ఏం జరిగి ఉంటుందో ఈ ఊళ్ళో ఇంకెవరికి తెలుస్తుంది?

"నువ్వే తిప్పావు కదే?"

"నేనే."

"పోయినేడే తిప్పకపోయావా."

నెత్తిన చెయ్యి పెట్టించుకుని ఒట్టు వేయించుకుంది నువ్వే కదా నాన్నా, నలుగురిలో కొట్టింది నువ్వే కదా అన్నాను.

"నేను వేయిస్తే మాత్రం?" అన్నాడు.

పళ్ళెం దగ్గరికి లాక్కున్నాడు. కూర బాగుంది, ఇంకొంచెం వెయ్యి అన్నాడు. వేశాను.